తెర మీది రాతకు నకలు మనమే తీయాలి

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును వీలైనంత వరకు అలాగే ఉంచాం.)



నన్ను కంప్యూటర్ గురించి మాట్లాడమన్నారు. కంప్యూటర్ అన్న మాట వినంగానే వెనక కూచున్న పెద్దమనుషులు బీడీ కట్ట తీసుకొని లేవబోతున్నారు. కూచోండి పెద్దనాయినా. ఇది మీ కైకిలి గురించి, మీ లావుణి పట్టా గురించి మాట. కంప్యూటర్ నడుమ వస్తది, పోతది.

ముందు ఒక ముచ్చట చెప్తాను. ఆ మధ్య ఒక వాడకు పోయిన. ఊరి పేరు ఎందుకులే. ఒక అవ్వ నన్ను వెంటబెట్టుకొని మండలంలోని ఆఫీసుకు తోలుకపోయింది. ఆమె ఏండ్ల నుంచి కరువు పనికి పోతున్నది. ఉపాధి హామీ పనిని మన దిక్కు కరువు పని అనే అంటాం గదా. ఈసారి పార పట్టుకొని పోతే మస్టర్‌లో పేరు రాలేదన్నరట. ఆఫీసులో కంప్యూటర్ ముందర కూచున్న పిల్లగాడు మంచోడే. తెరను మా దిక్కు తిప్పి, "చూడు అవ్వా, నీ పేరు లేదు" అన్నడు. అబద్ధం చెప్పలేదు. నిజంగానే లేదు. అవ్వ ఊకోలేదు. "దసరాకు ముందు ఉండె గద బిడ్డా. నువ్వే సూపిస్తివి గద?" అని అడిగింది. ఆ పిల్లగాడు అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఉండెనేమో అవ్వా. ఇప్పుడైతే లేదు. అప్పటిది నేను యాడికెల్లి తేవాలె?"

ఇయ్యాల నేను మాట్లాడేది ఆ ఒక్క మాట గురించే. అప్పటిది యాడికెల్లి తేవాలె?

గీకితే గుర్తు మిగిలేది

మన తాతల కాలంలో పట్వారి ఉండె. పహాణీ ఆయన ఇంట్లో, ఆయన పెట్టెలో ఉండేది. ఆయన రాసిందే రాత. 1984లో ఆ వంశపారంపర్య పదవులు రద్దయినయి. రాతలో మోసం అప్పుడు లేదా? బొచ్చెడు ఉండె. కానీ కాగితం మీద మోసం చేస్తే గుర్తు మిగులుతది. బ్లేడుతో గీకితే కాగితం పలచబడతది. కొత్త సిరా పాత సిరాలో కలవదు. కొట్టేసిన పేరు కొట్టేసినట్టే కనబడతది, గీత కింద పాత పేరు చదవొచ్చు. అందుకే మన వాడలో కొందరు ముసలోళ్ళు అక్షరం రాకున్నా పహాణీ నకలు తీయించి, దాన్ని ట్రంకు పెట్టెలో బట్టల అడుగున దాచుకున్నరు. ఆ నకలు ఎన్ని కేసుల్లో అక్కరకొచ్చిందో మీకు తెలుసు.

వెబ్ పేజీకి గీకిన గుర్తు ఉండదు. పొద్దున పేరు ఉంటది, మాపటికి ఉండదు. ఎప్పటి నుంచీ అట్లనే ఉన్నట్టు కనబడతది. ఎవరు మార్చిండ్రు, ఎప్పుడు మార్చిండ్రు అన్నది లోపల కంప్యూటర్‌లో రాసి ఉండొచ్చు. అది వాళ్ళ చేతిలో ఉంటది. మనకు చూపించేది ఇయ్యాల్టి పేజీ ఒక్కటే.

భూమి సంగతి చూడండి. పాత పహాణీలో పట్టాదారు కాలం పక్కన అనుభవదారు కాలం ఉండేది. భూమి ఎవరి పేరున ఉంది, దున్నేది ఎవరు అని రెండూ కనబడేవి. 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ మొదలైంది. ధరణిలో ఆ అనుభవదారు కాలం లేకుండా పోయింది. దున్నేటోడు తెర మీద కనబడకుండా పోయిండు. పాత పహాణీ నకలు దాచుకున్నోడికి చూపించడానికి ఒక కాగితమన్నా మిగిలింది. తర్వాత 2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడు, ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఐదేండ్లు నిండకముందే భూమి రికార్డు చూసే తెర రెండుసార్లు మారింది. మారడం మంచికే కావొచ్చు. కానీ మారక ముందు మన సర్వే నంబర్ ఎదురుగా ఏం రాసి ఉండెనో ఎవరి దగ్గర ఉంది?

కైకిలి సంగతి అంతకన్నా పెద్దది. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభలో ఒక లెక్క చెప్పింది. ఉపాధి హామీ జాబ్‌కార్డుల నుంచి తెలంగాణలో 2021-22లో తీసేసిన పేర్లు 61,278. మరుసటి ఏడు 2022-23లో తీసేసిన పేర్లు 17,32,936. ఒక్క ఏడాదిలో పదిహేడు లక్షలు! దేశం మొత్తం మీద ఆ ఏడు 5 కోట్ల 18 లక్షలకు పైగా పేర్లు పోయినయి. ప్రభుత్వం చెప్పిన కారణాలు ఏమిటి? దొంగ కార్డు, రెండు కార్డులు ఉన్నోళ్ళు, చనిపోయినోళ్ళు, పని చేయడం ఇష్టం లేనోళ్ళు, కుటుంబంతో సహా ఊరు విడిచి శాశ్వతంగా పోయినోళ్ళు.

చనిపోయినోళ్ళ పేర్లు తీసెయ్యాలె. దొంగ కార్డు ఉంటే తీసెయ్యాలె. దానికి మనం అడ్డం కాదు. కానీ పాలమూరు లేబర్ అంటే ఎవరు? దీపావళికి మేస్త్రీ వెంట పూణె, ముంబై పోయి ఉగాదికి తిరిగొచ్చేటోళ్ళు. ఇంటికి తాళం ఉన్నదని చూసి, ఈ కుటుంబం శాశ్వతంగా ఊరు విడిచింది అని రాస్తే ఎట్ల? పొట్ట చేతబట్టుకొని వలస పోయినోడి మీద పని ఇష్టం లేదు అని రాస్తే ఎట్ల? ఆ పదిహేడు లక్షల్లో నిజంగా తీయాల్సినోళ్ళు ఎందరు, అన్యాయంగా పోయినోళ్ళు ఎందరు అని ఊరూరా తేల్చాలంటే ఒక్కటే దారి. పేర్లు తీయక ముందటి జాబితా, తీసిన తర్వాతి జాబితా పక్కపక్కన పెట్టి వాడలో చదవాలె. ముందటి జాబితా మన దగ్గర లేదు. మనం ఓడిపోయింది అక్కడ.

చదివి వినిపించుడే ఆయుధం

ఈ పక్కపక్కన పెట్టి చదివే పని కొత్తదేం కాదు. 1994 డిసెంబర్‌లో రాజస్థాన్‌లోని కోట్ కిరానా అనే ఊర్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు మొదటి జన్ సున్‌వాయీ పెట్టిండ్రు. మస్టర్ రోల్ తెచ్చి జనం ముందర గట్టిగ చదివిండ్రు. ఎవరు పని చేసిండ్రు, ఎవరి పేరున డబ్బు పోయింది అన్నది ఊరే తేల్చింది. ఆ దారిలోనే 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది, అదే ఏడు ఉపాధి హామీ చట్టం వచ్చింది. ఆ చట్టం 17వ సెక్షన్‌లో సామాజిక తనిఖీ పెట్టిండ్రు. మన దగ్గర 2006 నుంచే సామాజిక తనిఖీలు మొదలైనయి. మీలో కొందరు ఆ తనిఖీల్లో తిరిగినోళ్ళే. చాప మీద కూచొని మస్టర్ చదివినోళ్ళే.

అప్పుడు చదివింది కాగితం. ఇప్పుడు చదవాల్సింది తెర. చదివేటప్పటికి తెర మారిపోతే ఏం చదువుతం? కాబట్టి తెరను ముందుగాలనే ఫోటో తీసి పెట్టుకోవాలె. తేదీ వేసి పెట్టుకోవాలె. మళ్ళా పదిహేను రోజులకు అదే పేజీ ఫోటో తీయాలె. రెంటినీ పోల్చాలె. పని ఇంతే. దీనికి పనికొచ్చే ఒక పనిముట్టు గురించి ఇప్పుడు చెప్తాను.

పేరు రెయిత్, మన రైతు కాదు

లండన్‌లో బీబీసీ ఉంది గదా, మన పెద్దోళ్ళు రేడియోలో వార్తలు వినేటోళ్ళు. ఆ బీబీసీ వార్తల విభాగంలో పనిచేసే ప్రోగ్రామర్లకు ఒక తిప్పలొచ్చింది. వాళ్ళ వెబ్‌సైట్‌లో పేజీలు లెక్కలేనన్ని. ఒక చోట చిన్న మార్పు చేస్తే ఇంకెక్కడో పేజీ చెడిపోయేది. అన్ని పేజీలను మనిషి కండ్లతో చూసుడు అయ్యే పని కాదు. అందుకని వాళ్ళు ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్నరు. పేరు రెయిత్. మన రైతు కాదు, ఇంగ్లీషులో ఆ మాటకు దయ్యమని అర్థం. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చని ఉచితంగా బయట పెట్టిండ్రు. ఇప్పుడది పాతబడింది. అదే పని చేసే కొత్త పనిముట్లు వచ్చినయి: బ్యాక్‌స్టాప్ జేఎస్ ఒకటి, ప్లేరైట్ ఒకటి. ఫోటో మాత్రం తీసేది షాట్ స్క్రేపర్ అని ఇంకొకటుంది. అన్నీ ఉచితమే. ఏది వాడినా నడక ఒక్కటే. కాబట్టి పేరు కాదు, నడక అర్థం చేసుకోండి.

ఇవి కమాండ్ లైన్ పనిముట్లు. కమాండ్ అంటే హుకుం. వీటికి బొమ్మలు, బటన్లు ఉండవు. ఒక నల్ల తెర వస్తది. దాని మీద ఒక్క వాక్యం రాసి ఎంటర్ కొడితే పని మొదలైతది. చూడంగానే భయమేస్తది, నాకూ వేసింది. కానీ దీంట్లో ఒక లాభముంది. మౌస్‌తో నలభై ఊర్ల పేజీలు ఒక్కొక్కటి తెరిచి ఫోటో కొట్టాలంటే మనిషి అలిసిపోతడు, రెండు ఊర్లు మరిచిపోతడు. హుకుం ఒకసారి రాసి పెట్టుకుంటే ఎన్నిసార్లయినా అదే వరసలో, ఏదీ మరవకుండా చేస్తది.

హుకుంతో పాటు ఒక చీటీ రాసియ్యాలె. ఆ చీటీలో మూడు సంగతులుంటయి. ఒకటి, ఏయే పేజీల ఫోటో తీయాలె, వాటి చిరునామాలు. రెండు, తెర ఎంత వెడల్పు ఉండాలె, సెల్‌ఫోన్ అంతనా, కంప్యూటర్ అంతనా. మూడు, ఎంత తేడా వస్తే మనకు చెప్పాలె. ఈ మూడో సంగతి దగ్గర మోసపోతాం, మళ్ళా చెప్తాను.

హుకుం ఇయ్యంగానే అది లోపల ఒక బ్రౌజర్‌ను తెరుస్తది. మన కంటికి కనబడదు. పేజీ మొత్తం, పై నుంచి కింది దాకా ఫోటో తీసి దాచిపెడతది. మొదటిసారి తీసింది మన మూల నకలు. పదిహేను రోజులైనంక ఇంకో హుకుం ఇస్తే మళ్ళా అవే పేజీలు తీసి, పాతవాటితో పోల్చి, తేడా ఉన్న జాగల మీద రంగు పూసి చూపిస్తది. నూటికి ఎంత తేడా ఉందో లెక్క కూడా రాస్తది.

ఎట్ల పోలుస్తది? గద్వాల మగ్గం సంగతి మీకు తెలుసు. చీర అంచు డిజైన్‌ను ముందు గళ్ళ కాగితం మీద గీస్తరు. ఒక్కో గడికి ఒక రంగు. తెర మీది ఫోటో కూడా గళ్ళ కాగితమే. చాలా సన్నటి గళ్ళు, లక్షల లెక్కన ఉంటయి. ఒక్కో గడిలో ఎరుపు ఎంత, పచ్చ ఎంత, నీలం ఎంత అని 0 నుంచి 255 దాకా మూడు అంకెలు. పాత ఫోటోలో మొదటి గడి, కొత్త ఫోటోలో మొదటి గడి. రెండో గడి, రెండో గడి. ఇట్ల గడి గడి పోలుస్తది. దానికి తెలుగు రాదు, ఇంగ్లీషు రాదు, పేరేదో ఊరేదో తెలియదు. గడి రంగు మారిందా లేదా, అంతే తెలుసు.

గోడ మీది పాఠం

ఇప్పుడు గోడ మీద చూడండి. ఇది నిజం పేజీ కాదు, నేను పాఠం కోసం తయారు చేసిన ఉత్త పేజీ. నలభై పేర్లు రాసిన. అన్నీ ఉత్త పేర్లే. మొదటి ఫోటో తీసిన. ఇప్పుడు పన్నెండో పేరు తీసేసి రెండో ఫోటో తీస్తున్న. పోల్చమని హుకుం ఇస్తున్న. చూడండి.

ఏమనిపిస్తున్నది? ఆ అక్క అంటున్నది, "పన్నెండు నుంచి కిందికి అన్నీ రంగు పడ్డయి గదన్నా, అందరి పేర్లూ పోయినయా?" అని. సరైన ప్రశ్న అక్కా. పోలేదు. పన్నెండో పేరు పోయినంక పదమూడో పేరు పైకి జరిగింది. దాని వెనక అన్నీ జరిగినయి. యంత్రానికి పేరు తెలియదు, గడి మాత్రమే తెలుసన్న గదా. జరిగిన ప్రతి వరసా మారినట్టే చూపిస్తది. కాబట్టి రంగు మొదట ఎక్కడ పడిందో ఆ వరస దగ్గర మీరు కండ్లు పెట్టాలె. అక్కడి నుంచి రెండు ఫోటోలనూ మనిషే చదవాలె.

దీనికి ఇంకో ఉపాయముంది. ఫోటోతో పాటు ఆ పేజీలోని అక్షరాలను కూడా దాచిపెట్టాలె. అక్షరాల ఫైళ్ళను పోల్చే డిఫ్ అనే పనిముట్టు 1970ల నుంచీ ఉంది. అది వరస వరస పోల్చి, ఈ పన్నెండో వరస తీసేసిండ్రు, మిగతావి అట్లనే ఉన్నయి అని తేల్చి చెప్తది. ఫోటో సాక్ష్యానికి, అక్షరం లెక్కకు. రెండూ ఉండాలె.

ఇప్పుడు ఆ మూడో సంగతికి వద్దాం. ఎంత తేడా వస్తే చెప్పాలె? ఈ పనిముట్లు తయారు చేసినోళ్ళది కంపెనీ అవసరం. ఒక బటన్ రంగు కొంచెం మారితే వాళ్ళకు పర్వాలేదు. అందుకని నూటికి ఇంత తేడా దాకా వదిలెయ్యి అని చీటీలో రాసుకునే వీలు పెట్టిండ్రు. గోడ మీద మళ్ళా చూడండి. ఈసారి నలభయ్యో పేరు, అంటే ఆఖరి పేరు తీసేసిన. దాని జాగ ఖాళీగా ఉంది. చీటీలో నూటికి అయిదు దాకా వదిలెయ్యమని రాసిన. హుకుం ఇస్తున్న. ఏమంటున్నది? అంతా బాగుంది అంటున్నది! ఒక మనిషి పేరు పోతే యంత్రం లెక్కలో అది నూటికి ఒకటి కూడా కాలేదు.

ఇది మరవొద్దు. నలభై మందిలో ఒకరు, నాలుగు వందల మందిలో ఒకరు అంటే లెక్కలో చిన్న తేడానే. ఊర్లో వాడ ఎప్పుడూ ఆ చిన్న తేడానే. ఆ పేరు పోయిన ఇంట్లో మాత్రం ఆ ఎండాకాలం పొయ్యి వెలిగేది ఎట్ల అన్నది ప్రశ్న. కాబట్టి మన చీటీలో వదిలెయ్యాల్సిన తేడా సున్నా అని రాయాలె. సున్నా పెడితే తిప్పలుంటయి. పేజీ మీద ఇయ్యాల్టి తేదీ మారుతది, చూసినోళ్ళ లెక్క మారుతది, మంత్రుల ఫోటోలు తిరుగుతుంటయి. అవి కూడా తేడా కిందికే వస్తయి. ఆ జాగలను కప్పెయ్యమని చీటీలో విడిగా రాయొచ్చు. పేర్ల జాగను మాత్రం కప్పొద్దు.

ఊర్లలో ఎట్ల మొదలుపెట్టాలె

మండలానికి ఒక ల్యాప్‌టాప్ చాలు. డిగ్రీ చదివే తమ్ముడో చెల్లెలో ఒకరు నాలుగు రోజులు కూచుంటే నేర్చుకుంటరు. కానీ ఈ పని ఒకరితో కాదు, ముగ్గురు ఉండాలె. ఒకరు యంత్రం నడిపేటోళ్ళు. ఒకరు రిజిస్టర్ రాసేటోళ్ళు: ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ చిరునామా పేజీ, ఎవరు తీసిండ్రు. ఇంకొకరు వాడలో ఇల్లిల్లూ తెలిసిన మనిషి. యంత్రం మారింది అని మాత్రమే చెప్తది. అన్యాయంగా మారింది అని చెప్పలేదు. ఈ పేరాయన నిరుడు చనిపోయిండు, ఈ పేరామె బతికే ఉంది, నిన్న నాతోటి బాయి కాడ మాట్లాడింది అని చెప్పేది ఆ మూడో మనిషే. ఎక్కువసార్లు ఆ మనిషి ఒక అక్క అయితది. చదువు రాదని ఆమెను పక్కన పెట్టకండి. ఈ పనిలో అసలు తనిఖీ అధికారి ఆమెనే.

ల్యాప్‌టాప్ లేని ఊర్లో సెల్‌ఫోన్‌తోనే మొదలుపెట్టండి. పేజీ తెరిచి పైనున్న చిరునామా కనబడేటట్టు స్క్రీన్‌షాట్ తీయండి. కిందికి జరుపుతూ ఆఖరి పేరు దాకా తీయండి. పోల్చుడు మనిషే చేసుకోవాలె, ఒకరు చదువుతుంటే ఒకరు టిక్కు పెట్టాలె. మస్టర్ చదివినట్టే.

ఎన్ని రోజులకోసారి? ఈ పత్రిక ఎట్ల పక్షానికోసారి మీ చేతికొస్తదో అట్లనే పక్షానికోసారి. ఉపాధి హామీలో పదిహేను రోజుల్లో కూలి ఇయ్యాలని 2005 చట్టంలో రాసిండ్రు. ఆ లెక్క మనకూ సరిపోతది. రోజుకు పదిసార్లు తీయొద్దు. సర్కారు సర్వర్ మీద ఊరికే బరువు పెడితే, వెబ్‌సైట్ నడవకుండ చేసిండ్రని మన మీదనే కేసు పెట్టొచ్చు. ఒక పేజీకి ఒక పేజీకి నడుమ కొన్ని క్షణాలు ఆగమని చీటీలో రాయండి.

కొన్ని పేజీల్లో వంకర అక్షరాలు చూపించి టైపు చెయ్యమంటరు. కొన్నింటికి ఓటీపీ అడుగుతరు. అక్కడ ఈ యంత్రం ఆగిపోతది, దాన్ని దాటించే దొంగదారులు వెతకొద్దు. ఇంకొకరి పాస్‌వర్డ్‌తో లోపలికి పోవొద్దు. అందరికీ తెరిచి ఉన్న పేజీలే మనకు చాలు. మిగతావి ఎవరి భూమి పేజీ వాళ్ళే తెరిచి, వాళ్ళ చేతితోనే ఫోటో తీసుకోవాలె.

ఇంకో మాట గట్టిగ చెప్తున్న. తీసిన ఫోటోలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. వాటిలో మనోళ్ళ బ్యాంకు ఖాతాలు, కార్డు నంబర్లు ఉండొచ్చు. అవ్వకు న్యాయం చేయబోయి అవ్వ ఖాతాను దొంగల పాలు చేయొద్దు. మీటింగ్‌లో చూపించేటప్పుడు నంబర్ల మీద నలుపు పూసిన కాపీ చూపించండి.

ఆఫీసు ముందర, కోర్టు ముందర

ఫోటో తీసుకపోయి చూపిస్తే ఆఫీసోళ్ళు మొదట అనే మాట ఏంది? "ఇది మీరే తయారు చేసుకున్నరు." అనొచ్చు. కంప్యూటర్‌లో ఫోటో మార్చుడు ఎంతసేపు? కాబట్టి మొదటి నియమం: మూల ఫోటో మీద గీత గీయొద్దు, కత్తిరించొద్దు, ఎర్ర సున్న చుట్టొద్దు. ఏం గీసినా కాపీ మీదనే గీయండి. ఒక్క దొంగ ఫోటో దొరికితే మన నిజం ఫోటోలు నూరు కూడా చెత్తబుట్టలోకి పోతయి.

రెండో నియమం: ఫైలుకు వేలిముద్ర తీసిపెట్టండి. దాన్ని హ్యాష్ అంటరు. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో ఏ ఫైలుకైనా 64 అక్షరాలు, అంకెలు కలిసిన ఒక వరస వస్తది. ఫోటోలో ఒక్క గడి రంగు మారినా ఆ వరస మొత్తం మారిపోతది. ఫోటో తీసిన రోజే ఆ వరసను రిజిస్టర్‌లో రాసి, ముగ్గురు సంతకాలో వేలిముద్రలో పెట్టండి. రేపు ఎవరన్నా మార్చిండ్రు అంటే, మళ్ళా హ్యాష్ తీసి, ఆ రోజు రాసిన దాంతో కలుస్తదా లేదా చూడుమనొచ్చు.

ఇది నేను చెప్పే మాట కాదు, చట్టంలోనే ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కంప్యూటర్ రికార్డులను సాక్ష్యంగా తీసుకునే పద్ధతి చెప్తది. దానికి ఒక సర్టిఫికెట్ జత చెయ్యాలె, ఆ సర్టిఫికెట్‌లో హ్యాష్ రాయాలె. అది రెండు భాగాలుగా ఉంటది. ఒకటి ఆ యంత్రం చూసుకునే మనిషి ఇయ్యాలె, రెండోది నిపుణుడు ఇయ్యాలె. కోర్టు దాకా పోయే కేసు అయితే వకీలును అడిగి ముందుగాలనే తయారు పెట్టుకోండి.

కానీ అన్ని కేసులూ కోర్టుకు పోవు, పోవాల్సిన పని లేదు. ఎక్కువ వాటికి సమాచార హక్కు దరఖాస్తు చాలు. ఇప్పటి దాకా మన దరఖాస్తులు ఎట్లుండేవి? మా పేర్లు ఎందుకు తీసిండ్రు అని. జవాబు ఎట్లొచ్చేది? నిబంధనల ప్రకారం తీసినం అని. చేతిలో రెండు ఫోటోలుంటే దరఖాస్తు వేరే తీరుగ రాయొచ్చు. ఫలానా తేదీన మీ పేజీలో ఈ పేరు ఉంది. ఫలానా తేదీన లేదు. ఈ రెండు తేదీల నడుమ ఆ పేరు తీసెయ్యాలని ఆదేశమిచ్చింది ఏ అధికారి? చూపిన కారణం ఏది? గ్రామసభలో చదివి వినిపించిన తీర్మానం నకలు ఏది? ముప్పై రోజుల్లో జవాబియ్యాలె. అట్ల అడిగితే తప్పించుకునే జాగ తక్కువుంటది.

అసలు జాబ్‌కార్డుల్లో చేర్చిన పేర్లు, తీసేసిన పేర్లు గ్రామసభలో చదవాలని ఉపాధి హామీ మార్గదర్శకాల్లోనే రాసిండ్రు. ఎన్ని ఊర్లలో చదివిండ్రో మీరే చెప్పాలె.

ఇప్పుడే ఎందుకు

ఇంత తొందర ఎందుకని కొందరు అడగొచ్చు. చెప్తాను. 2005 ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబర్‌లో పార్లమెంటు వేరే చట్టం చేసింది. ఆ చట్టం మంచిచెడ్డలు ఇంకో తరగతిలో మాట్లాడుకుందాం. నా మాట ఒక్కటే. చట్టం మారితే పోర్టల్ మారతది, పోర్టల్ మారితే పాత పేజీ పోతది. ధరణి నాడు చూసినం. రాష్ట్రం సొంత సాఫ్ట్‌వేర్ విడిచిపెట్టి కేంద్రం సాఫ్ట్‌వేర్‌కు మారిన నాడు చూసినం. ఇన్నేండ్లు మన ఆడోళ్ళు తవ్విన గుంతలు, పోసిన కట్టలు, నాటిన చెట్లు, వాటికి రావాల్సిన కైకిలి అన్నీ ఆ పేజీల్లోనే ఉన్నయి. రేపు పాత బాకీ అడగాలంటే చూపించడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలె.

వెబ్ పేజీలను దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ అమెరికాలో 1996 నుంచి ఉంది. 2001 నుంచి వేబ్యాక్ మెషీన్ పేరుతో పాత పేజీలను ఎవరైనా చూడొచ్చు. మంచి పని. కానీ జిల్లా ఎంచుకో, మండలం ఎంచుకో, ఊరు ఎంచుకో అని ఒక్కొక్కటి నొక్కితే వచ్చే పేజీలు దానికి సరిగ్గా అందవు. మన వాడ పేజీని అమెరికావాళ్ళు దాచిపెడతరని కూచుంటే అయ్యేది కాదు.

చివరగా, యంత్రం మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఫోటో కొట్లాడదు. గ్రామసభలో లేచి నిలబడేది, ఎదురు మాట్లాడేది, పెద్దమనిషి గుర్రుమంటే కూచోకుండా నిలబడేది మనుషులే. ఫోటో చేసే పని ఒక్కటే. నిలబడ్డ మనిషి నోటి మాటను ఉత్త మాట అని కొట్టిపారెయ్యకుండా ఆపుతది. ఆ రోజు ఆ ఆఫీసులో అవ్వ నిజమే చెప్పింది. నిలబడి చెప్పింది. ఆమె చేతిలో పాత పేజీ లేదు, అంతే.

ఆ అవ్వ ఇంకా పేరు కోసం తిరుగుతున్నది. నేను కూడా తిరుగుతున్న.

కాబట్టి తరగతి అయిపోంగానే జిల్లాకొక జట్టుగ కూచోండి. మూడు జిల్లాలు, మూడు జట్లు. మధ్యాహ్నం బువ్వ తిన్నంక ఒక్కో జట్టు ఒక్కో ఊరి జాబితాకు మొదటి నకలు తీయాలె, రిజిస్టర్‌లో రాయాలె, హ్యాష్ రాసి సంతకాలు పెట్టాలె. వచ్చే పక్షం మళ్ళా కలుద్దాం. అప్పుడు రెండో నకలు తీసి ఆ ఊరి వాడలోనే, వేపచెట్టు కింద చాప పరిచి, రెండూ చదువుదాం.

జై భీమ్.